బైపాస్ లైను

పద్నాలుగు నెలలు పనిచేసింది ఆ గోలి.
రోజుకొకటి, పొద్దున ఏడింటికి,
డ్యూటీ ఎక్కినట్టే గడియారం చూసి మింగేటోడు ఇన్నయ్య.
ఎడమ ఊపిరితిత్తిల నిమ్మకాయంత నీడ
చింతగింజంతయింది.
తెరేజమ్మ ఫాతిమా మాత గుడికాడ కొవ్వొత్తులు పెట్టింది.
మేం మటన్ వండుకున్నం.

పదిహేనో నెల స్కాన్ల
చింతగింజ మల్ల మొలకెత్తింది.

హన్మకొండ దవాఖానల డాక్టర్ నస్రీన్
రిపోర్టు కవరు తిరగేసి బొమ్మ గీసింది.
కణం గోడకు ఒక తలుపు.
తలుపు తడితే లోపల ఒకడు లేస్తడు,
వాడు ఇంకొకన్ని లేపుతడు, వాడు ఇంకొకన్ని,
చేతులు మారి మారి నడిమింటిదాకా పోతది కబురు:
పెరుగు. రెండైపో. సావకు.
"మన గోలి ఈ తలుపుకు తాళం.
కబురేమో పక్క తలుపుల నుంచి దూరింది."

ఇన్నయ్య కవరు గుంజుకున్నడు.
ముప్పై నాలుగేండ్లు కాజీపేట క్యాబిన్ల
లీవర్లు గుంజిన చెయ్యి.
నేను ఆయన కింద పాయింట్లకు నూనె పోసినోన్ని.
"గింతేనా మేడం!
కాజీపేటల ఎర్ర ఏస్తే బెల్లంపల్లి బొగ్గు ఆగుతదా?
బైపాస్ పట్టుకొని సక్కగ వరంగల్ల తేలుతది.
స్టేషన్ మాస్టర్ చాయ్ తాగుతనే ఉంటడు."

నవ్విండు. నవ్వుల దగ్గు.
మల్ల మెల్లగ అడిగిండు:
"నా లోపల గా బైపాస్ ఎవడేసిండు? ఎన్నడేసిండు?"

డాక్టరమ్మకు జర సేపు పట్టింది.
"ఎవరూ కొత్తగ వెయ్యలే.
తల్లి కడుపుల నువ్వు పెరిగింది ఆ దారుల మీదనే.
దెబ్బ మానేది ఆ దారుల మీదనే."

ఇన్నయ్య తన బొటనవేలు దిక్కు చూసిండు.
ఒక వానకాలం రాత్రి లీవర్ కింద నలిగి,
గోరూడి, కొత్త గోరొచ్చిన వేలు.
ఆనాడు గుడ్డ కట్టింది నేనే.
ఆ గోరును శానసేపు రుద్దిండు,
పగోని పేరు దోస్తు నోట విన్నట్టు.

ఇప్పుడు రెండు గోలీలు.
"మూడోది తెరుసుకుంటే?" వరండల అడిగిన.
ఆమె అబద్ధం చెప్పలే.
"చూస్తుండాలె," అన్నది.
క్యాబిన్ల మాకు నేర్పిందీ గదే.

రాత్రి, దర్గా రోడ్డు, ఆయన డాబా మీద.
బొగ్గు బండి పోతున్నది.
సప్పుడు వినే చెప్పిండు ఏ లైనో.
వ్యాగన్లు లెక్కపెట్టుడు పాత అలవాటు,
ముప్పై ఒకటికాడ దమ్మొచ్చింది.
మిగిలినయి నేను లెక్కపెట్టిన.

తోక దీపం చూడకుండ
లైన్ క్లియర్ ఇయ్యరాదు.
"కనబడ్డదా?" అన్నడు, కండ్లు మూసుకొనే.
"ఇంకా లేదు," అన్న.