ఈదమ్మ, యార్డు

మెమొరీ కార్డు మీద తెల్ల టేపు అంటించి
బాల్‌పెన్నుతోని ఇంతే రాసుకున్న: ఈదమ్మ, యార్డు.
తారీఖు రాయలే.
కల్వకుర్తికి పల్లికాయ దిగే రోజులని వింటే తెలుస్తది.
ఎడమదిక్కు ఎవరో కాయలు పటుక్కుమనిపిస్తనే ఉన్నరు
మొదటి నుంచి చివరిదాక, ఒక్క చోట తప్ప.

నాది ఖాజా సౌండ్స్.
పెండ్లిళ్ళు, పీర్లు, ఎలక్షన్లు.
చిన్న గొంతును పెద్దగ చేసుడు నా పని.
ఆ రాత్రి ఆమె మిక్సరు మీదికి వంగి
"అన్నా, జర తగ్గించు" అన్నది.
ముప్పై ఏండ్లల ఆ మాట ఎవ్వరూ అనలే నాతోని.

గజ్జెలు లేవు, గొంగడి లేదు.
డప్పుల పిలగాండ్లేరని అడిగితే
"బాగనే ఉన్నరు" అన్నది, అంతే.
బడి నుంచి తెచ్చిన ఇనుప కుర్చీ, ఒళ్ళె శ్రుతిపెట్టె.
కుర్చీ కిర్రుమంటది.
అది కూడ ఉన్నది రికార్డుల,
ప్రతి పాటకు ముందుగాల.

మూడో పాటకే మొదలుపెట్టిన్రు:
కాల్వ పాట! కాల్వ పాట!

ఇరవై ఏండ్లు ఆ పాటనే పాడింది,
వెల్దండ నుంచి అచ్చంపేట దాక దుమ్ము లేపింది.
కాల్వ వచ్చింది. సగం ఊర్లకు వచ్చింది.
నీళ్ళు చూసినోళ్ళు మురుసుకుంట అడుగుతున్నరు
చూడనోళ్ళు పండ్లు కొరుక్కుంట అడుగుతున్నరు
అదే పాటను.

ఇక్కడ పదకొండు సెకండ్లు ఏం లేదు.
పల్లికాయ చప్పుడు గూడ ఆగింది.

"అది నా దగ్గర లేదు బిడ్డా.
మీకాడనే ఉన్నది. పాడుండ్రి, వింట."

పాడిన్రు.
ముందు హమాలీలు, వెనుక ఆడోళ్ళ దిక్కు నుంచి.
తాళం ఎవరిది వాళ్ళకే.
రెండో చరణం ఒక్కరికీ యాదికి రాలే,
మొదటిదే మళ్ళ మళ్ళ పాడిన్రు.
నేను ఆమె మైకు మూయలే.
మూయాలె, పద్ధతి అదే.
మూయలే కాబట్టి దొరికింది:
అన్ని గొంతుల కింద ఆమె ఊపిరి,
తన వాకిట్ల నుంచి పోతున్న బరాతును
తలుపు సందుల నుంచి చూసే మనిషి ఊపిరి.

అప్పుడు కొత్తది ఎత్తుకున్నది.
గ్యాసు పొయ్యి మీద పాట.
నవ్విన్రు. నేనూ నవ్విన.
ఒక్క పాణానికి ఒక్క మంట సాలని
రెండో దాని మీద ఉప్పు డబ్బా పెట్టుకున్నదట.

"రెండో పొయ్యి అంటించక ఎన్నొద్దులాయె
దాని కండ్లల్ల బూజు చేరె"

అంతకు ముందు ఆ గొంతు ఊర్లను లేపేది.
ఇప్పుడు
నిద్రవోతున్న పిల్లను దాటుకుంట పోయినట్టు పోతున్నది.

మూడో చరణం కాడ ఆగి
"ఇది ఇంక రాయలే" అన్నది. సిగ్గుపడలే.
మాటలుండాల్సిన జాగను
ఉత్త గొంతుతోని కొలిచింది,
దుకాణంల ఖాళీ గిన్నె తూకమేసినట్టు,
నాలుగు వరుసలు.
మూడో వరుసల అచ్చంపేట ఆఖరి బస్సు హారన్ కొట్టింది.
సగం మంది లేచిన్రు, కుర్చీలు గుద్దుకున్నయి.
ఆమె హారన్‌కు జర కిందికి దిగి
దాన్ని పోనిచ్చి
మళ్ళ ఎక్కింది.

ఎనిమిది నెలలకు ఆ పాట
హైదరాబాదు స్టూడియోల నుంచి వచ్చింది.
మూడో చరణంల ఇప్పుడు మాటలున్నయి. మంచి మాటలే.
కుర్చీ లేదు, బస్సు లేదు, పల్లికాయ లేదు.
మా షబానా ఫోన్ల అదే వింటది.

ఈదమ్మ ఇంక నాకు ఎనిమిది వందలు బాకీ.
అడగ.

షట్టరు సగం దించి నేను ఈ కార్డే పెట్టుకుంట.
ఆ నాలుగు ఉత్త వరుసలు వచ్చేసరికి
నాకు తెల్వకుంటనే చెయ్యి పోతది
సౌండు తగ్గించెటందుకు.