మట్టి ఎక్కడికీ పోలేదు

మా సంఘంలో వరాలు పంచిననాడు
నా వంతుకు పద్దుల పుస్తకం వచ్చింది.
మ్వాఫులిర్వా గొంతెత్తితే సరస్సు మీద పడవలు నెమ్మదిస్తాయి.
సంఘపెద్ద చిపేటా చెయ్యి వేస్తే జ్వరం దిగుతుందంటారు.
ఒకసారి నాకూ దిగింది,
మాత్ర కూడా వేసుకున్నాననుకోండి.

న్యాకవోంగాకి ఏం ఇచ్చాడో
చాలాకాలం ఎవరికీ తెలియలేదు.
బొంగురు గొంతు. ఆమె ప్రార్థన
మేం కళ్ళు మూసుకునేలోపే ఆమెన్ దాకా వచ్చేస్తుంది.

అక్టోబరు చివర, చిలుంబా రేవులో చేపలు ఎండేవేళ వచ్చి
కాన్పుకని కొండ దిగే ఆడవాళ్ళకి
ఆసుపత్రి పక్కన గది కడదాం అంది.
సిమెంటో, అన్నాను.
వస్తుంది.
రేకులో?
అవీ వస్తాయి.
పుస్తకం తిప్పి చూపించాను:
పదకొండు వేల నాలుగు వందల క్వాచాలు.
ఆ డబ్బుకి బస్తా మూతి కూడా విప్పరు.
అంకెల వైపు తీరిగ్గా చూసింది.
చదువు రాక అనుకున్నాను.
వచ్చినా అలాగే చూసేదని ఇప్పుడు తెలుసు.

ఎనిమిది వేల ఆరు వందల పచ్చి ఇటుకలు
ఆడవాళ్ళు కోసి ఆరబెట్టారు.
బట్టీకి కట్టెలు కూడా పేర్చారు.
గురువారం అంటిద్దామనుకుంటే
మంగళవారం రాత్రి వాన.
గడ్డి కప్పాం. గడ్డి ఏం ఆపుతుంది!
మంచంలో పడుకుని లెక్కపెట్టాను,
చినుకుకో ఇటుక.

తెల్లారి వెళ్ళాను, ఓదార్చడానికి.
అబద్ధం. చూడ్డానికి వెళ్ళాను,
ఆ "వస్తుంది" అనే మాట
ఆమె మొహంలో ఎలా కరుగుతుందో.

చితెంజె గుడ్డ మోకాళ్ళపైకి దోపి
బురద తొక్కుతోంది.
"ఇటుకలే పోయాయి," అంది నన్ను చూడకుండానే.
"మట్టి ఎక్కడికీ పోలేదుగా."
రెండడుగులు తొక్కాక
"రాత్రి ఏడ్చాను" అని కూడా అంది,
ఎన్ని బిందెల నీళ్ళు పట్టాయో చెప్పినట్టు.

ఏటా పెరట్లో ఆవాలు చల్లేవాణ్ణి.
గింజ చిన్నదని నాకొకరు చెప్పక్కర్లేదు.
నేలలో పడ్డాక అది కనబడదన్నదే
ఇన్నేళ్ళూ మర్చిపోయాను.

ఆమెకిచ్చింది నాకివ్వలేదు.
ఇప్పటికీ, ఇది రాస్తూ కూడా,
సిమెంటు ధర మనసులో తిరుగుతూనే ఉంది.
గోడ కిటికీ ఎత్తుకి లేచి ఆగింది.
గది ఎప్పటికి పూర్తవుతుందో అడక్కండి,
అడిగితే నేను లెక్క చెబుతాను,
ఆమె ఇంకోటి చెబుతుంది.

ఆ పొద్దున మాత్రం చెప్పులు విప్పి గట్టున పెట్టాను,
వాటి మీద పుస్తకం.
బురద చల్లగా ఉంది.
కాళ్ళకి ఆమె కాళ్ళ వేగం అందలేదు.
అయినా తొక్కాను.

సాయంత్రం పుస్తకం విప్పితే
జమ వైపు, అంకె ఉండాల్సిన గడిలో
నా బొటనవేలి మట్టి ముద్ర.
తనిఖీకి వచ్చినవాళ్ళు ఇదేమిటని అడుగుతారు.
చెరపలేదు.