నవంబరు పేజీ

చేపల సహకార సంఘం క్యాలెండరులో
పదకొండు నెలలు అచ్చుకు వెళ్ళిపోయాయి.
నవంబరు ఒక్కటే నా దగ్గర మిగిలింది,
కల్సోయ్ దీవి ఉత్తరపు కొసన
ట్రైపాడ్‌కి రాళ్ళ సంచీ వేలాడదీసి
గాలితో పేచీ పడుతున్న నా దగ్గర.

ఫారో దీవుల్లో ఈ నెలలో పగలంటే
గడప దాటకుండా పలకరించిపోయే చుట్టం.
ఆకాశం పొంగే పాలగిన్నె.
కింద గడ్డివాలు కాటుక.
రెంటినీ ఒక్క చూపులో పట్టుకోవడం కంటికి వచ్చు,
కెమెరాకు రాదు.
ఒకటి కావాలంటే ఇంకోటి పోగొట్టుకుంటుంది.

రాన్‌వా తన పాత ఫిల్టర్లు ఇచ్చింది.
పై సగం పొగ, కింద సగం నీళ్ళు,
అలాంటి గాజు పలకలు, ఉన్ని గుడ్డలో చుట్టి.
"వెలుగు లెక్క అక్కడే తేల్చుకో,
ఇంటికి అప్పు మోసుకుపోకు" అంది.
గాజు మీద ఉప్పునీటి చుక్క.
తుడిస్తే మరక,
మరక తుడిచేలోగా మరో చుక్క.

గాజు దించాను. ఆకాశం బుద్ధిగా సద్దుమణిగింది.
కానీ గాజుకు తెలిసింది తిన్నటి గీత ఒక్కటే.
కొండ ఆ గీత దాటి తలెత్తింది.
తొలి మంచు పడ్డ శిఖరం
పొగగొట్టంలోంచి దిగినవాడి నెత్తిలా నల్లబడింది.

మర్నాడు గాజు లేకుండా
మూడు సార్లు నొక్కాను:
ఆకాశానికొకటి, కొండకొకటి,
గడ్డి కోసం ఊపిరి బిగబట్టి, పొడుగ్గా, ఒకటి.
రాత్రి వంటింటి బల్ల మీద సాఫ్ట్‌వేర్ తెరిచి
పొర మీద పొర పరిచాను.
శిఖరం అంచున మౌసుతో పాకుతూ
రెండు దాటేదాకా కుట్టాను,
కుట్టు కనబడని బొంత.
టీ చల్లారింది.
కిటికీ అవతల అసలు కొండ చీకట్లో ఉంది.
నాది మెరుస్తోంది.

తెల్లారి రేవులో ట్రోండుర్‌కి చూపించాను,
నలభై ఏళ్ళుగా ఆ కొండ ఆనవాలు పట్టుకుని
ఇంటికొచ్చే మనిషికి.
మొదటి బొమ్మ చూసి
"మంచుకి మసి పూశావు" అన్నాడు.
రెండోది కళ్ళజోడు పైకి జరిపి చాలాసేపు చూశాడు.
ఒక చోట వేలు పెట్టాడు,
నేను మూడు వందల శాతం పెద్దది చేసి కూడా చూడని చోట.
అక్కడ అతని పడవ రెండుగా ఉంది.
ఒకటి ఆకాశం అంచున, ఇంకోటి రాతి పక్కన.
"రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళను చూశాను గానీ
రెంటిలోనూ నేనే కూర్చోవడం ఇదే చూడటం."
నవ్వాడు. తర్వాత నవ్వకుండా అడిగాడు:
"ఎక్కడున్నానో సరే,
ఇందులో నేను ఎప్పుడున్నాను?"

నా దగ్గర జవాబు లేదు.
మబ్బు చీలి వెలుగు మొహాన కొట్టింది.
కొండ కేసి చూడటానికి అతను
చెయ్యి కనుబొమల మీద అడ్డం పెట్టుకున్నాడు.
అంతే.
ఇన్నేళ్ళూ ఇంటిదారి అలాగే చూసుకున్నాడు కాబోలు.

ఆ మునిమాపు ఫిల్టర్లు సంచీలోనే ఉన్నాయి.
షట్టర్ నాలుగు సెకన్లు తెరిచి
నల్ల ఉన్ని చేతితొడుగును లెన్స్ ముందు,
ఆకాశానికి అడ్డంగా,
కొండ ఎటు వంగితే అటు వంచుతూ ఆడించాను.
చలికి చెయ్యి వణికింది.
ఆ వణుకే గీతను చెరిపేసింది.

గొప్ప బొమ్మేం కాదు.
కుడి మూల ఆకాశం పాలిపోయింది,
పైన ఊడిన ఉన్ని పోగు నీడ పడింది.
అచ్చాఫీసు నుంచి ఫోన్ చేశారు, మరక తీసెయ్యమంటారా అని.
వద్దన్నాను. ఎందుకన్నానో
ఇప్పటికీ పూర్తిగా తెలీదు.

రాన్‌వా చూసి చేతితొడుగు ధర అడిగింది.

ట్రోండుర్ మరక సంగతి ఎత్తలేదు.
పడవ కాస్త సాగినట్టుందే అన్నాడు.
"నాలుగు సెకన్లు" అన్నాను.
ఒక్కో వేలే మడిచి లెక్కపెట్టి
తలూపాడు.