నడిమి చెయ్యి

మెయిన్ వీధి మూడో వీధిని కలిసే చోట
ఒకప్పుడు ఐదంతస్తుల బట్టల కొట్టు ఉండేది.
మా అమ్మ అందులో లిఫ్టు నడిపేది.
ఏ అంతస్తుకి ఆ అంతస్తు పేరు పెట్టి పిలిచేది:
చేతి తొడుగులు, టోపీలు, పెళ్లి గౌన్లు, దీపాలు.
దాన్ని కూల్చిన రోజు నేను ఏడో తరగతి.
బడి ఎగ్గొట్టి చూశాను.
ఇనుప గుండు తగిలిన ప్రతిసారీ
దుమ్ములోంచి పావురాలు లేచాయి, మళ్లీ అక్కడికే వచ్చాయి,
వాలడానికి ఏమీ లేక
గాలిలోనే కాసేపు తడుముకున్నాయి.

తర్వాత ముప్పై అయిదేళ్లు అది కార్లు పెట్టుకునే జాగా.
తారు పగుళ్లలో ఏవో నీలం పూలు పూసేవి.
ఇప్పుడు ప్లాజా అవుతోంది.

రాబోయేది ఇదీ అని కంచెకు పెద్ద బొమ్మ కట్టారు.
బొమ్మలో అందరూ సన్నగా ఉన్నారు,
చేతిలో కాఫీతో ఎక్కడికో నడుస్తున్నారు.
కొందరి నీడ ఎడమకి, కొందరిది కుడికి,
ఒకాయనకి అసలు నీడే లేదు.
మావాళ్ల కోసం వెతికాను.
పన్నెండో నంబరు బస్సు కోసం
నలభై నిమిషాలు నిలబడే ఆర్డెల్లా లేదు,
ఆమె ఆక్సిజన్ బండీ లేదు.
చదరంగం బల్ల చంకన పెట్టుకు తిరిగే లాంజో లేడు.
నేనూ లేను.
మరి ఎవరు ఊడ్చారో, అంత శుభ్రంగా ఉంది.

పార్కుల శాఖలో నాకిది ఇరవై ఆరో ఏడు.
ఈ వారం పని, పద్నాలుగు బెంచీలు.
ఒక్కో బెంచీకి నడుమ ఒక ఇనుప చెయ్యి,
చేతికి నాలుగు బోల్టులు.
మోకాళ్ల నొప్పులవాళ్లు పట్టుకుని లేవడానికి అన్నాడు సూపర్‌వైజరు.
అబద్ధం కాదు. మా అమ్మ ఉంటే పట్టుకునే లేచేది.
కానీ కాగితం మీద కొలత చూశాను:
అటు ఇరవై రెండు అంగుళాలు, ఇటు ఇరవై రెండు.
కూర్చోవడానికి చాలు,
ఒరగడానికి చాలదు.
ఎవరో కూర్చుని లెక్క కట్టారు,
చేతుల కుర్చీలోనే కూర్చుని ఉంటారు.

ఏప్రిల్లో లైబ్రరీ కింది గదిలో మీటింగు పెట్టారు.
మనిషికి మూడు నిమిషాలు,
మైకు పక్కన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు.
ఆర్డెల్లా మైకు దాకా నడిచేసరికే పసుపు వెలిగింది.
మంచినీళ్ల కుళాయి ఒకటి, మరుగుదొడ్డి ఒకటి, అంది.
ఇంకేమన్నా ఉందా అన్నారు.
ఊపిరి తీసుకుంటోంది.
ఎరుపు.
రాసుకున్నారు. రాసుకోవడం నేను చూశాను.

డ్రిల్లు తిప్పుతుంటే లాంజో వచ్చి నిలబడ్డాడు.
కొత్త చేతి మీద చదరంగం బల్ల పెట్టి చూశాడు,
నిలవలేదు; గుర్రం జారి ఇసుకలో పడింది.
తుడుచుకుని అడిగాడు:
రాత్రిపూట దీన్ని ఎటు మడుస్తారు?
ఇది మడిచేది కాదు అన్నాను.
అలాగా, అన్నాడు.
ఆ 'అలాగా' తర్వాత రెండు బెంచీలు చేశాను,
ఏది ఎలా బిగించానో గుర్తులేదు.

పద్నాలుగోదానికి వచ్చేసరికి చీకటి పడింది.
రెంచి వ్యాన్‌లో ఉండిపోయింది.
వేళ్లతో తిప్పి వదిలేశాను.
మర్చిపోయాననే నేను అనుకుంటున్నాను.
వెళ్లి తెచ్చుకోలేదని లాంజో అనుకుంటాడేమో.

మంగళవారం పొద్దున వ్యాన్ బానెట్ మీద
నాలుగు బోల్టులు, వాషర్లతో సహా,
వరసగా పేర్చి ఉన్నాయి.
చెయ్యి ఎక్కడుందో నాకు తెలీదు.
ఆఫీసు నుంచి ఇంకా ఎవరూ అడగలేదు.
జేబులో వేసుకున్నాను.

సాయంత్రం బస్సెక్కి చిల్లర తీస్తే
నాణేలతో పాటు ఒకటి దొర్లింది.
డ్రైవరు దీపం కింద పట్టుకుని చూసింది,
ఇది ఏ దేశం డబ్బు? అంది.
బస్సంతా నిండి ఉంది.
ఆర్డెల్లా తన బండిని కాళ్ల మధ్యకి లాక్కుని
కిటికీ వైపు జరిగింది,
రా, ఇద్దరం పడతాం, అని.