ఎనభై ఐదు అంగలు

తాగేసిన టీ సంచిని విప్పి, పొడి దులిపి
కిటికీ అద్దానికి అంటించి ఆరబెట్టేవాడు నాన్న.
దీనికి నేత ఉంది చూడు, అనేవాడు,
ముప్పై ఐదో వంతుకు కుంచించుకుపోయిన గుడ్డలాగే.
అద్దానికి అవతల బెథెస్డా వాన,
పలకరాతి కప్పుల మీద, పలకరాతి గుట్టల మీద,
ఊరంతా ఒకటే బూడిద.
ఇవతల, ఒక్క బుడ్డీలో మాత్రం
నారింజా కాని, గులాబీ కాని,
ఆ రెండూ పోట్లాడుకుంటే పుట్టినట్టుండే రంగు.

బండి నెత్తిన పరిచే గుడ్డ అది.
ఎవరి కంటా పడకూడదని ఒళ్ళంతా ఇసుకరంగు పూసుకుని
మనవాడొక్కడి కంట పడాలని
నడినెత్తిన ఇంత మంట కప్పుకోవడం.
యుద్ధమంటే ఏమిటని బళ్ళో అడిగితే
నేను ఇదే చెప్పాను.
మిసెస్ ప్రథెరో సుద్దముక్క పట్టుకుని
కాసేపు అలాగే నిలబడింది.

పైవాడు అన్నీ చూస్తుంటాడని చాపెల్లో చెప్పేవారు.
నాన్న చాపెల్‌కి రావడం మానేశాడు.
ఆయనకు తెలిసిన పైవాడు
మూడు వేల మీటర్ల ఎత్తున, రెండు సెకన్ల తీరికతో,
గుడ్డ చదునుగా ఉంటేనే చూస్తాడు.

బొమ్మ చిన్నదైతే రంగూ చిన్నదవ్వాలట.
దూరం రంగును తాగేస్తుంది కాబట్టి
బుడ్డీలో తెలుపు ఒక్క చుక్క.
తాళ్ళకి దారం లావైపోయింది,
రాగితీగ మాట వినలేదు.
చివరికి నా దువ్వెనలోని వెంట్రుకలు తీసుకున్నాడు,
అడిగే తీసుకున్నాడు.
ఆరు ముడులకు ఐదే వేశాడు.
ఎడమవైపు ముందు మూల ఊడి, మడతపడి,
సగం రంగు లోపలికి తిరిగిపోయింది.
ఆ మడత కోసం మూడు రాత్రులు చెడగొట్టాడు.

లాండుడ్నో పోటీలో న్యాయనిర్ణేత
భూతద్దంతో వంగి చూసి చీటీ రాశాడు:
బురద బాగుంది, పట్టాల తుప్పు బాగుంది,
గుడ్డ సరిగా కట్టలేదు, రెండు మార్కులు తగ్గించడమైనది.
నాన్న చీటీని మడిచి పర్సులో పెట్టుకున్నాడు.
సరిగ్గానే రాశాడు, అన్నాడు బస్సులో.
కాన్వే వంతెన దాటాక మళ్ళీ అన్నాడు, కిటికీతో అన్నట్టు:
టుడుర్ వాళ్ళ బండిది.
వాడికి చెయ్యి బెణికితే నేనే కట్టాను.
గాలికి ఊడటం చూశాను.
టీ తాగి కడదామనుకున్నాను.

ఏప్రిల్లో ఒకరోజు ఎండ కాసింది.
నాన్న కవరు వెనక లెక్క వేశాడు,
మూడు వేలను ముప్పై ఐదుతో భాగిస్తే
ఎనభై ఐదు, కొంచెం శేషం.
శేషాన్ని వదిలేశాడు.
బొమ్మను నా అరచేతిలో పెట్టి, కాస్త వాల్చి పట్టుకో, అని
గొర్రెల బీట్లో అంగలేసుకుంటూ పోయాడు.
లెక్క నేను పెట్టాను, పైకే.
నలభై దగ్గర కోటు గుండీలు పోయాయి.
అరవై దగ్గర ముఖం.
ఎనభై ఐదు దగ్గర ఆగి ఇటు తిరిగితే
నాన్న నా బొటనవేలి గోరంత,
పెట్టెలోంచి అప్పుడే తీసిన,
ఇంకా రంగు వేయని సిపాయంత.

కనిపిస్తోందా, అని అరిచాను.
గాలి నా గొంతును ఎటో పట్టుకుపోయింది.
నా చూపుడువేలు ఆ మడత మీదే ఉంది.
వెంట్రుకవాసి నొక్కితే చాలు, చదునైపోతుంది.
ఒక గొర్రె వచ్చి నా జేబు వాసన చూసింది.
నాన్న కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని
చూస్తూనే ఉన్నాడు,
ఏ పైవాడికీ దొరకనంతసేపు.

తిరిగొచ్చాక బొమ్మను తీసుకుని, ఊది,
దాని మీద పడిన గడ్డిపరకను తీశాడు.
ఎండను నమ్మక నేను రెయిన్‌కోటులోనే ఉన్నాను,
నిమ్మపండు పసుపుది.
తేలలేదు, అన్నాడు,
నీ కోటు తప్ప ఇంకేదీ కంటికి ఆనలేదు.
రేపు ఆ బూడిదరంగుది వేసుకో.
మళ్ళీ చూద్దాం.