వల కన్ను

గ్రిమ్స్‌బీ రేవు వెనక సందులో
చేపలకు పొగపెట్టే కొట్టు పైన నా గది.
నేను వేసిన మేయరు గారి దగ్గరా
పెళ్ళికూతురి దగ్గరా
ఒకటే హడ్డాక్ వాసన.
కొన్నవాళ్ళు మొహమాటానికి చెప్పరు.

మంగళవారం మంగళవారం డోరీన్ టాస్కర్ వస్తుంది.
ఎనభై రెండేళ్ళు. దిండు తనే తెచ్చుకుంటుంది.
కుర్చీలో సర్దుకుని "ఊఁ, కానీ" అంటుంది,
పళ్ళ డాక్టరుతో అన్నట్టు.

మొదటి వారం కదలొద్దన్నాను.
నోరు మూసిన మరుక్షణం
ముఖంలోంచి మనిషి లేచి వెళ్ళిపోయింది.
చెంపలున్నాయి, గడ్డముంది,
ఇల్లు ఖాళీ చేశాక గోడకి మిగిలిన మేకుల్లా.
సరే, మాట్లాడమన్నాను.
ఇక బొమ్మ కుదిరితే ఒట్టు.

చేర్యాలలో మా అమ్మమ్మ వాళ్ళ పక్కింట్లో
నకాశీ పటాలు గీసేవాళ్ళు.
గుడ్డకి చింతగింజల అంబలి, సుద్ద,
వెనకంతా చిక్కటి ఎరుపు,
మూరల కొద్దీ కథ.
రాజుకీ బంటుకీ ఒకే కళ్ళు.
ఎవరు ఎవరో కర్రతో చూపించి చెప్పేవాడు వేరే ఉంటాడు.
ఒక గడి దాటితే ఏడుపు, ఇంకోటి దాటితే పెళ్ళి.
"బొమ్మ గాదు బిడ్డా అది,
కథ జరసేపు కూసున్న జాగ" అనేది అమ్మమ్మ.

నాకున్నది ఒకటే గడి.
కర్ర పట్టేవాడు లేడు.
ఎనభై రెండేళ్ళు ఎక్కడ కూర్చోవాలి?

డోరీన్ పధ్నాలుగో ఏట నుంచీ వలలు అల్లింది.
"అందరూ దారం చూస్తారు. వలంటే కన్నాలు.
ఏ చేపని వదిలెయ్యాలో తేల్చేది అవే."
మా భాషలో వల కన్నాన్ని కన్ను అంటామని చెప్పాను.
దగ్గొచ్చేదాకా నవ్వింది.
"అయితే రోజుకి ఎన్ని కళ్ళు కట్టానో!
ఒక్కటీ నన్ను చూడలేదు."

తమ్ముడు క్లిఫ్ కథ మూడుసార్లు చెప్పింది.
ఒకసారి, మంచు గడ్డకట్టి బరువెక్కి ఓడ ఒరిగిపోయింది.
ఒకసారి, ఒక్క అల.
ఒకసారి, వాడసలు ఓడెక్కనే లేదు,
నార్వేలో ఎవరితోనో కాపురం, ఇద్దరు పిల్లలు.
మూడింటికీ మూడు ముఖాలు.
మూడూ గీకేశాను.

నాలుగో వారం వాన.
కెటిల్ కూత పెడుతోంది.
"వాడు బయల్దేరిన రోజు బట్టలుతికాను" అంది.

మనిషి సముద్రానికి వెళ్ళిన రోజు
ఈ వీధుల్లో బట్టలుతికేవాళ్ళు కాదు.
ఉతికితే మనిషి కూడా కొట్టుకుపోతాడట.
"పంతొమ్మిదేళ్ళు నాకు. ఎండ కాసింది.
ఈ ఊళ్ళో ఎండ రోజూ వస్తుందా ఏమిటి?"

అప్పుడు వచ్చింది ముఖం.
చేతిలో బ్రష్షుంది, రంగు తడిగా ఉంది,
ఎడమ కిటికీలోంచి వెలుతురు కావలసినంత.
వెయ్యలేదు.
మంచితనమని చెప్పుకోను,
చేతకానితనం కూడా కావచ్చు.
లేచి కెటిల్ ఆపి వచ్చేసరికి
దిండు సర్దుకుంటోంది,
బస్సు టైము అడుగుతోంది.

బొమ్మ జూన్‌లో అయింది.
చెవిలో మిషను కూడా వెయ్యమంది:
"నీ సణుగుడంతా విన్నది అదే కదా."
వేశాను.

కూతురు గ్లెనిస్ డబ్బిచ్చి, దగ్గరికెళ్ళి చూసింది.
"బాగుంది. వేళ్ళ సందున ఈ ఎరుపేమిటి?"

బట్ట మీద ముందుగా పూసుకునే చేర్యాల ఎరుపు.
చేతుల దగ్గర కప్పకుండా వదిలేశాను.
పొద్దంతా చన్నీళ్ళలో నానిన చేతుల్లా ఉన్నాయి.

"అడుగు రంగు" అన్నాను.

డోరీన్ నావైపు చూడలేదు.
చెవిలోంచి మిషను తీసి
కోటు అంచుతో తుడుచుకుంటోంది.
కర్ర పట్టేవాడు లేకపోవడం
మొదటిసారి మంచిదే అనిపించింది.

గ్లెనిస్ బొమ్మని వెనకసీట్లో పెట్టి,
అమ్మకి బెల్టు పెట్టి,
వాన పడుతున్నా
కారు అద్దాలన్నీ దించేసింది.