తువ్వాల కింద

పదకొండు కంప్యూటర్లు, నడిచేటివి నాలుగు.
కరెంటు పోతే యూపీఎస్ ఆగేది తొమ్మిది నిమిషాలు.
ఆ తొమ్మిది నిమిషాలల్లనే
పెబ్బేరు హైస్కూల్ పదో తరగతికి
తాళాల గురించి చెప్పాలె నేను.

బీరువాల కరపత్రాల కట్ట ఉంది.
పది తర్వాత ఏమిటి, అని పైన పెద్దక్షరాలు.
ఇంటర్, పాలిటెక్నిక్, డిగ్రీ, బీటెక్,
ఒక డబ్బాలకెల్లి ఇంకో డబ్బాలకు బాణం గుర్తులు.
ఆఖరి డబ్బాల సైబర్ సెక్యూరిటీ,
పక్కన టై కట్టుకున్న పిలగాని బొమ్మ.
వీళ్ళల్ల ఎవరికీ టై లేదు. నాకూ లేదు.

ఎన్‌క్రిప్షన్ అని బోర్డు మీద రాసిన.
ఒత్తు ఏ అక్షరం కింద పెట్టాల్నో
రాస్తుంటే నాకే అనుమానమొచ్చింది.
ఎవరూ కదల్లే.
వెనక బెంచీలకెల్లి బీరేశ్ లేచిండు:
"సార్, శనివారం సంతల మా నాయిన చేసేది గిదే గదా."

అవును.
పశువుల అంగట్ల ఇద్దరు ఎదురుబొదురు నిలబడతరు,
చేతుల మీద ఒక తువ్వాల పడ్తది,
లోపల వేళ్ళు మాట్లాడుకుంటయి.
చుట్టూ యాభై మంది, యాభై జతల కండ్లు,
ధర మాత్రం ఆ ఇద్దరిదే.
నాలుగు వేళ్ళంటే నాలుగు వేలో నలభై వేలో
తెల్వాలంటే తువ్వాల కింద నీ చెయ్యుండాలె.

చాక్‌పీస్ కింద పెట్టిన.
ఆ పూట పాఠం వాడే చెప్పిండు,
చెడిపోయిన మానిటర్ మీది గుడ్డ గుంజుకొని.

నస్రీన్ సంగతి వేరే.
బస్టాండ్ కాడ పంక్చర్ షాపు వాళ్ళది.
ట్యూబును నీళ్ళల్ల ముంచి
బుడగ యాడ లేస్తదో చూసే ఇల్లు.
మాట తక్కువ. చూపెప్పుడూ నీళ్ళ మీదనే.

మంగళవారం అందరూ పోయినంక ఆగింది.
"సార్, మీ పాస్‌వర్డ్ నాకు దొరికింది."
"ఎట్ల?"
"మీ బండి మీద పాప పేరుంది.
పాప పుట్టినరోజుకు మీరే చాక్లెట్లు పంచిన్రు."
పిల్లలందరి మార్కులు, ఆధార్ నంబర్లు,
నాలుగు వందల ఇండ్ల ఫోన్లు
ఆ తాళం వెనకనే ఉన్నయి.
"లోపలికి పోయినవా?"
"లేదు సార్. గడప కాడికెల్లే మర్లిన."
కొద్దిసేపాగి, చెప్పు కొసతోని నేల గీకుకుంట:
"లెక్కలల్ల ఎన్నొచ్చినయో చూడాలనిపించింది.
చూడలే."

కరపత్రంల ఏ డబ్బాల లేదీ మాట.
తెరిచున్న తలుపు చూసి
ఇంటాయన్ను లేపే చదువు
ఏ గ్రూపుల చెప్తరో, సీట్లెన్నో.

తల్లిదండ్రుల మీటింగుకు బీరేశ్ తాత వచ్చిండు,
భుజం మీద గొంగడి.
"గీ చదువుకు నౌకరేముంటది సారూ?"
దొంగ ఎటుదిక్కు నుంచొస్తడో
వానికన్నా ముందే ఆలోచించుడు అన్న.
"అంటే మంద కావలి.
కృష్ణ ఒడ్డున నలభై ఏండ్లు చేసిన నేను.
దానికి జీతమిస్తరా?"
ఇస్తరు తాతా.
"నిద్రపోనిస్తరా?"
దానికి నేను జవాబు చెప్పలే.

ఆ రాత్రి పాస్‌వర్డ్ మార్చిన.
పాప పేరు లేదు, పుట్టినరోజు లేదు.
తలా తోకా లేని ఒక పొడుగు వాక్యం,
మీకు కూడా చెప్ప.
పొద్దుగాల బడికొచ్చేసరికి మర్చిపోయిన.
నాలుగుసార్లు తప్పు కొడితే
మిషన్ నన్నే దొంగ అన్నది.
"ఐదోసారి కొట్టకుండ్రి సార్, ఆగుండ్రి,"
నస్రీన్ చున్నీల నవ్వు దాచుకుంటుంది.

శనివారం నేనూ సంతకు పోయిన.
దుమ్ము, పేడ, కాగుతున్న బజ్జీల నూనె.
మాసిన ఎర్రగళ్ళ తువ్వాల కింద
బీరేశ్ చెయ్యుంది ఇయ్యాల,
నాయిన పక్కకు జరిగి నిలబడ్డడు.
వాడు నన్ను చూసిండు. నవ్విండు.
"ఎంతరా?" అన్న.
ధర చెప్పలే.